మస్తాన్ రావు, మెస్సయ, స్వస్తిక: పేర్ల చుట్టూ అల్లుకున్న అపోహలు

బిడ్డ పుట్టిన మర్నాటి నుంచే ఇంట్లో పేర్ల వేట మొదలవుతుంది. వెనకటికి ఆ వేట తాతయ్య పేరు దగ్గరో ఇలవేల్పు దగ్గరో ఆగేది. ఇప్పుడది ఫోన్‌లో సాగుతోంది. హీబ్రూ, అరబ్బీ, జపాను, సంస్కృత పదాలన్నీ ఒకే జాబితాలో వరుసగా కనిపిస్తాయి, ఒక్కోదాని పక్కన రెండేసి ముక్కల్లో అర్థం. పొట్టిగా ఉండాలి, చుట్టాల్లో ఎవరికీ ఉండకూడదు, అమెరికావాళ్లకూ నోరు తిరగాలి. ఈ మూడూ కుదిరితే పేరు ఖాయం. ఆ మాట ఇంకెవరికైనా పూజనీయమా, ఇంకెవరినైనా నొప్పించేదా అన్న సంగతి బారసాల పిలుపులయ్యాక ఏ పెద్దమనిషో అంటేగానీ తట్టదు. అప్పుడు మొదలయ్యే వాదనలో రెండు పక్షాలవాళ్లూ గట్టిగానే మాట్లాడతారు కానీ, వాళ్లనే మాటల్లో చాలావాటికి ఆధారం ఉండదు.

అపోహ: వేరే మతంవాళ్ల పేరు పెట్టుకోవడం ఈ కాలపు పోకడ. అది వాళ్లను కించపరచడమే.

నెల్లూరు ప్రాంతంలో ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా ఈ మాట నిలవదు. మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్ రెడ్డి, మస్తాన్ రావు. వీళ్లలో ఎక్కువమంది హిందువులే. కసుమూరు దర్గాలోని మస్తాన్ వలీకి మొక్కుకుంటే పుట్టిన పిల్లలో, వాళ్ల పేరు పెట్టుకున్న మనవలో అయి ఉంటారు. తమిళనాడులోని నాగూరు దర్గా పేరుమీద కోస్తా జిల్లాల్లో నాగూరయ్యలు, నాగూరమ్మలు ఉన్నారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి కులమతాలు లేకుండా జనం కదులుతారు. ఆ చుట్టుపక్కల కుళ్లాయప్ప అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. రాయలసీమలో, తెలంగాణలో హుస్సేనప్ప, ఫకీరప్ప, దస్తగిరమ్మ, పీరయ్య లాంటి పేర్లకు లెక్కేలేదు.

ఈ పేర్ల వెనక ఒక బాకీ ఉంది. పిల్లలు పుట్టకపోతేనో, పుట్టి దక్కకపోతేనో దర్గాకు మొక్కుతారు. బిడ్డ దక్కాక అక్కడే పుట్టు వెంట్రుకలు తీయించి, కందూరు చేసి, ఆ వలీ పేరే పెడతారు. ఇచ్చినవాడి పేరు బిడ్డకు పెట్టకపోతే మొక్కు తీరనట్టే. దర్గా ముజావర్లకు ఇదంతా తెలిసిన సంగతే, వాళ్ల చేతులమీదుగా జరిగేదే. ఇందులో కించపరచడం ఎక్కడుంది?

మేడారానిదీ ఇదే దారి. సమ్మక్క సారలమ్మలు కోయల వేల్పులు. రెండేళ్లకోసారి జరిగే జాతరకు తెలంగాణ నలుమూలల నుంచీ, పొరుగు రాష్ట్రాల నుంచీ జనం వెళ్లి నిలువెత్తు బెల్లం తూచి ఇస్తారు. ఆ బెల్లాన్ని అక్కడ బంగారం అనే అంటారు. వరంగల్, కరీంనగర్ వైపు కోయలు కాని ఇళ్లలో సమ్మయ్యలు, సారయ్యలు ఇంతమంది ఉండటం ఆ మొక్కుల వల్లే. ఈనాటి చర్చల్లో ‘సాంస్కృతిక దోపిడీ’ అనే మాట తెగ వినిపిస్తోంది. సమ్మయ్య పేరుకు ఆ మాట అంటించబోతే అంటదు. ఆ పేరు పెట్టుకున్నవాడు గద్దె ముందు మోకరిల్లి పెట్టుకున్నాడు.

అపోహ: అలాగైతే ఏ మాటైనా పెట్టుకోవచ్చు. అర్థం మంచిదైతే చాలు.

ఇది పై అపోహకు అన్నదమ్ము. దీనికి జవాబు కోహెన్ కథలో ఉంది. 2003లో అమెరికాలో ‘ది ఓ.సి.’ అనే టీవీ సీరియల్ మొదలైంది. అందులో ఒక కుర్రాడి ఇంటిపేరు కోహెన్. ఆ తర్వాత యూదులు కాని తల్లిదండ్రులు ఎంతోమంది తమ మగపిల్లలకు కోహెన్ అని పేరు పెట్టడం మొదలుపెట్టారు. వినడానికి బాగుంది, అర్థం ‘పూజారి’ అని జాబితాలో ఉంది. ఇంకేం కావాలి?

యూదుల్లో చాలామందికి అది మింగుడు పడలేదు. మోషే అన్న ఆరోను సంతతిలో తండ్రి నుంచి కొడుకుకు వచ్చే పౌరోహిత్య హోదా అది. ప్రార్థనా మందిరంలో తోరా పఠనానికి తొలి పిలుపు ఆ వంశంవాళ్లకే. దాంతోపాటు కట్టుబాట్లూ వాళ్లకే ఎక్కువ. శవాల దగ్గరికి వెళ్లకూడదు, విడాకులు పొందిన స్త్రీని పెళ్లాడకూడదు. సనాతన యూదులు ఈ నియమాలను నేటికీ పాటిస్తారు. ఇంటిపేరుగా అది వంశాన్ని చెబుతుంది. ఆ వంశంతో ఏ సంబంధమూ లేని పసివాడికి, టీవీలో వినసొంపుగా ఉందని ముద్దుపేరుగా తగిలిస్తే, నియమాలు మోస్తున్నవాళ్లకు చివుక్కుమనడంలో ఆశ్చర్యం లేదు.

మస్తాన్ రావుకూ ఈ కోహెన్‌కూ ఉన్న తేడా నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు కీలకం. ఇద్దరిదీ అరువు పేరే. మొదటివాడి ఇంటికీ ఆ దర్గాకూ రాకపోకలున్నాయి. రెండోవాడి ఇంటికీ ఆ మాటకూ మధ్య ఉన్నది టీవీ తెర ఒక్కటే.

అపోహ: దేవుడి పేరు పెట్టడం ఎవరికైనా పుణ్యమే.

మనకు పుణ్యమే. భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడు చావు ఘడియల్లో భయంతో ‘నారాయణా’ అని కొడుకును పిలిచి విష్ణుదూతల చేత రక్షణ పొందాడు. ఆ ధైర్యంతోనే మన ఊళ్లన్నీ వెంకటేశ్వర్లతో, సీతారాములతో నిండిపోయాయి.

ఇస్లాంలో లెక్క వేరు. రహమాన్ అన్నది అల్లాకు మాత్రమే చెల్లే నామం. మనిషికి పెట్టాల్సి వస్తే ముందు ‘అబ్ద్’, అంటే దాసుడు, అని చేర్చి అబ్దుల్ రహమాన్ అంటారు. పిలుపులో ఒట్టి రహమాన్ అనేయడం మన దేశంలో మామూలే అయినా, పండితులు పూర్తి పేరే వాడమంటారు. క్రైస్తవుల్లోనే రెండు రకాలు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో జీసస్ అనేది వీధికొకరికి ఉండే పేరు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అదే పేరు పెట్టడానికి జంకుతారు. మన తెలుగు క్రైస్తవులు మధ్యేమార్గం పట్టి ఏసుదాసు, యేసుపాదం, ఏసురత్నం అన్నారు.

ఒకరి నియమం ఇంకొకరి మీద రుద్దబోతే ఏమవుతుందో 2013లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో తేలింది. బిడ్డ ఇంటిపేరు విషయంలో తగువుపడి ఒక జంట కోర్టుకెక్కింది. మేజిస్ట్రేట్ ఇంటిపేరుతో ఆగకుండా, బిడ్డకున్న ‘మెస్సయ’ అనే పేరును మార్టిన్‌గా మార్చమని ఆదేశించారు. ఆ బిరుదు క్రీస్తు ఒక్కడికే చెందుతుందని ఆమె వాదన. మరుసటి నెలలోనే పైకోర్టు ఆ ఆదేశాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాది ఆ మేజిస్ట్రేట్ ఉద్యోగం పోయింది.

అపోహ: స్వస్తిక్, స్వస్తిక అని పెడితే విదేశాల్లో జైలే.

జైలు మాట అబద్ధం. జర్మనీ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నాజీ పార్టీ లాంటి నిషేధిత సంస్థల చిహ్నాల ప్రదర్శన గురించి చెబుతుంది. పేర్ల సంగతి వేరే దారి. బిడ్డ క్షేమానికి చేటు అనిపించిన పేరును నమోదు అధికారి అక్కడ తిరస్కరించగలరు. నాజీలు స్వస్తిక గుర్తును జెండా మీదకు ఎక్కించింది 1920లో. దానికి వేల ఏళ్ల ముందు నుంచీ అది మన గడపల మీద ఉంది. కెనడాలోని ఒంటారియోలో స్వస్తిక అనే ఊరే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం దానికి చర్చిల్ పేరుమీద విన్‌స్టన్ అని బోర్డు పెడితే, ఊరివాళ్లు పీకేసి పాత పేరే నిలుపుకున్నారు. బెంగాలీ నటి స్వస్తిక ముఖర్జీని ఆ పేరేమిటని మన దేశంలో ఎవరూ అడగరు.

అయినా హిట్లర్ చేతిలో కుటుంబాలను పోగొట్టుకున్నవాళ్ల మనవలు, మునిమనవలు ఉన్న చోట ఆ మాటకు ఇంకో చరిత్ర ఉంది. మనం చేయని నేరం కాబట్టి మనకు పట్టదనడం కుదరదు. హైదరాబాద్‌లో పెరగబోయే పాపకు స్వస్తిక నిక్షేపమైన పేరు. బెర్లిన్‌లో పెరగబోయే పాపకైతే నేను పెట్టమనను. తప్పు చేసినట్టవుతుందని కాదు, బడి మారిన ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ పిల్లే కనుక.

అపోహ: పెంటయ్య, పుల్లయ్య లాంటివి అవమానించడానికి పెట్టిన పేర్లు.

అవి ప్రాణం కాచుకోవడానికి పెట్టినవి. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో మరో బిడ్డ పుడితే, పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసేవారు. ఆ బిడ్డ పెంటయ్య. పుల్లి విస్తరాకుల్లో పొర్లిస్తే పుల్లయ్య. దోసెడు తవుడుకు ఎవరికో అమ్మినట్టు చేసి తిరిగి తెచ్చుకుంటే తవిటయ్య. ఉత్తరాంధ్రలో తవిటినాయుళ్లు ఇప్పటికీ ఉన్నారు. భిక్షగా అడిగి తెచ్చుకుంటే బిచ్చయ్య, భిక్షమయ్య. ఇంత పనికిరాని బిడ్డ మీద మృత్యువుకు కన్ను పడదని ఆశ. పుల్లయ్య అన్న పేరుతోనే సి.పుల్లయ్య, పి.పుల్లయ్య తెలుగు సినిమా తొలితరంలో పెద్ద దర్శకులయ్యారు. ఎవరూ నవ్వలేదు.

అసలు అవమానం వేరే చోట ఉండేది. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, శూద్రుడి పేరు జుగుప్స కలిగించేలా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. మన పల్లెల్లో అది చాలావరకు పేరులో కాక, పేరు చివర అమలైంది. దొర నోట ఎల్లయ్య ఎల్లిగాడు, మల్లయ్య మల్లిగాడు. పేరు దేవుడిదే, దానికి తగిలించిన ‘గాడు’ కులానిది. ఈ చరిత్ర తెలియకుండా సినిమాల్లో పనిమనిషి పాత్రకు పోచమ్మ అనో, వెర్రిబాగుల పాత్రకు పెంటయ్య అనో పేరు పెట్టి నవ్వించబోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మశూచి నుంచి పిల్లల్ని కాయమని ఊరూరా మొక్కిన తల్లి పేరు పోచమ్మ. ఇతర సంస్కృతుల మాటలు వాడొచ్చా లేదా అని తర్జనభర్జన పడే ఇళ్లలోనే నాయనమ్మ పేరు బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడటం వింతగా లేదూ?

అపోహ: సంస్కృతంలా వినిపిస్తే మంచి పేరే.

‘అనయ’ ఎంత వినసొంపుగా ఉందో! సంస్కృతంలో దానికి దుర్నీతి, ఆపద అని అర్థాలు. ‘మోహిత’ అంటే భ్రమలో పడినది. పేర్ల జాబితా రాసినవాళ్లు నిఘంటువు తెరిచి ఉంటారని నమ్మకండి. సందేహం ఉంటే ఊళ్లో తెలుగు మాస్టారిని అడగండి.

అపోహ: నొప్పించే మాట ఎప్పటికీ పేరు కాలేదు.

ఊరి బయటికి నెట్టడానికి, తిట్టడానికి వాడిన కులం పేరును మంద కృష్ణ తన పేరు పక్కన చేర్చుకున్నారు. 1994లో ఆయన నాయకత్వంలో దండోరా ఉద్యమం మొదలయ్యాక వేలమంది తమ పేరు చివర ‘మాదిగ’ అని సగర్వంగా రాసుకున్నారు. ఇతరులు తిట్టులా వాడితే అదే మాటకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పడొచ్చు. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో అన్నారన్నదాన్ని బట్టి మాట బరువు మారుతుంది. ఒక్క తేడా మరవకూడదు. వాళ్లంతా పెద్దయ్యాక, తెలిసి, తామే ఎంచుకున్నారు. ఉయ్యాల్లోని బిడ్డకు ఆ వీలు లేదు.

అపోహ: ఇరవై ఒక్క రోజుల్లో పేరు ఇవ్వకపోతే జనన ధ్రువపత్రం రాదు. పైగా నిషేధిత పేర్లున్నాయి.

మన దేశంలో నిషేధిత పేర్ల జాబితా లేదు. న్యూజిలాండ్‌లో చట్టం ప్రకారం బిరుదులా ధ్వనించే పేర్లను తిరస్కరిస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ప్రిన్స్ అనో కింగ్ అనో పెట్టబోతే చుక్కెదురే. ఐస్‌లాండ్‌లో కొత్త పేరు పెట్టాలంటే ప్రత్యేక కమిటీ ఒప్పుకోవాలి. మన 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో అలాంటి కమిటీలేవీ లేవు. ఇరవై ఒక్క రోజుల గడువు జననాన్ని నమోదు చేయించడానికి. పేరు గడి ఖాళీగా ఉంచినా నమోదు జరుగుతుంది. పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా పేరు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి ప్రవేశం మొదలు ఓటరు జాబితా, పెళ్లి నమోదు దాకా ఈ ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, ఒకసారి ఎక్కిన పేరు మార్చుకోవడం మునుపటికంటే పెద్ద తతంగం. పేరు తేలలేదని బారసాల హడావిడిలో ఏదో ఒకటి రాయించనక్కర్లేదు. ఆ మాట ఎవరిదో వాళ్లలో ఒకరిని వెతికి అడగడానికి ఏడాది గడువుంది.