దూలం, స్తంభం కలిసేచోటే ముప్పు

2001 జనవరి 26న కచ్‌లో పుట్టిన భూకంపం 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లోనూ పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలను నేలమట్టం చేసింది. వాహనాల కోసం కింది అంతస్తును గోడలు లేకుండా వదలడం ఇందుకు ప్రధాన కారణం. అయితే శిథిలాలలో ఇంజనీర్లకు మరో లోపమూ కనిపించింది. దూలం, స్తంభం కలిసే కూడలిలో పలుచోట్ల ఇనుప రింగులు లేవు.

భూమి ఊగినప్పుడు దూలంలోని పైకడ్డీలను ఒక దిశకు, కిందికడ్డీలను మరో దిశకు లాగే బలాలు ఈ కూడలిలోనే తలపడతాయి. అక్కడి కాంక్రీటు ఐమూలగా చీలుతుంది. చుట్టూ రింగుల పట్టు లేకపోతే పెచ్చులూడి, స్తంభం కడ్డీలు బయటికి ఉబుకుతాయి. దూలం చిట్లితే నష్టం చాలావరకు అక్కడికే పరిమితం. కూడలి చితికితే పై అంతస్తులకు ఆధారమే పోతుంది.

ఇది అప్పటికి తెలియని సంగతేమీ కాదు. స్తంభంలోని రింగులను కూడలి గుండా కొనసాగించాలని, వాటి కొనలను 135 డిగ్రీలు వంచాలని ఐ.ఎస్. 13920 ప్రమాణం 1993లోనే నిర్దేశించింది. కాని అహ్మదాబాద్ ఉన్న మూడో భూకంప మండలంలో ఐదు అంతస్తులు మించని సాధారణ నివాస భవనాలకు అది వర్తించలేదు. 2016 నాటి సవరణ మరింత కఠినం. కూడలిలో కలిసే స్తంభాల వంపు సామర్థ్యం దూలాలకన్నా కనీసం 1.4 రెట్లు ఉండాలన్నది అందులోని నిబంధన.

చిక్కంతా పనిచోటనే. నలువైపుల కడ్డీలు ఇరుక్కున్న కూడలిలో చేయి దూరదు. దూలం కడ్డీలను పైనే కట్టి అచ్చులోకి దించాక రింగులు తొడగడం దాదాపు అసాధ్యం. దించకముందే అమర్చుకోవాలి. కాంక్రీటు పోసేలోగా తనిఖీ జరగకపోతే, అవి ఉన్నదీ లేనిదీ ఇల్లు కొనేవారికి కనబడదు.