3200 ర్యామ్ కొన్నా 2400 చూపిస్తోందా? స్పీడ్ పెంచే ముందు ఇది చదవండి

3200 ర్యామ్ వేసుకుని ఆరు నెలలు వాడాక, ఒకరోజు టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూస్తే 2400 అని ఉంది. షాపులో మోసం చేశారేమో అనుకున్నా. తీరా చూస్తే తప్పు నాదే.

డబ్బా మీద రాసి ఉండేది ఎక్స్ఎంపీ స్పీడ్. అది మనం ఆన్ చేస్తేనే వస్తుంది. లేదంటే మదర్‌బోర్డ్ సేఫ్‌గా ఉండే తక్కువ స్పీడ్‌తోనే నడిపిస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే చాలు. కొన్ని ఏఎండీ బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు, ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో ఉంటుంది. తర్వాత సీపీయూ-జెడ్‌లో 1600 కనిపిస్తే కంగారు పడొద్దు. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది, కాబట్టి అది 3200 కిందే లెక్క.

రెండు స్టిక్స్ ఉంటే పక్కపక్కన పెట్టకండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావరకు ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాలి. అప్పుడే డ్యూయల్ ఛానెల్ సరిగ్గా పనిచేస్తుంది. ఒకసారి మాన్యువల్ చూసుకోండి.

ఇక్కడిదాకా ఈజీ. అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. నా రైజెన్ 5 3600 పీసీకి ఇంకో కంపెనీ 3200 కిట్ కొని, మొత్తం నాలుగు స్టిక్స్ చేశా. వారానికి ఒకట్రెండు బ్లూ స్క్రీన్లు వచ్చినా విండోస్ గోలే అనుకుని వదిలేశా. అక్క పెళ్లి ఫొటోల జిప్ ఓపెన్ చేస్తే సీఆర్‌సీ ఎర్రర్ వచ్చింది. ఒరిజినల్స్ ఇంకా మెమరీ కార్డులో ఉన్నాయి కాబట్టి బతికిపోయా. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా, ఆ తప్పు డేటానే డిస్క్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. పీసీ క్రాష్ అవ్వకుండానే ఫైల్ పాడైపోతుంది.

అప్పుడు నేను చేసింది ఇదీ:

1. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి, రాత్రంతా నడిపా. ఎర్రర్లు వచ్చాయి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిల్ కిందే లెక్క.

2. ఒక్కో స్టిక్‌ని ఒకే స్లాట్‌లో పెట్టి విడివిడిగా టెస్ట్ చేశా. నాలుగూ పాస్. అంటే స్టిక్స్ బాగానే ఉన్నాయి, నాలుగూ కలిపి 3200లో నడపడమే సమస్య.

3. ఎక్స్ఎంపీ ఆన్‌లోనే ఉంచి, స్పీడ్ మాత్రం 2933కి తగ్గించా. ఈసారి ఒక్క ఎర్రర్ కూడా లేదు.

రైజెన్ 3000 సిరీస్‌లో రెండు స్టిక్స్‌కి ఏఎండీ 3200 వరకు సపోర్ట్ ఇస్తుంది. నాలుగు సింగిల్ ర్యాంక్ స్టిక్స్ అయితే అది 2933కి, డ్యూయల్ ర్యాంక్ అయితే 2667కి తగ్గుతుంది. స్టిక్స్ పెరిగేకొద్దీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద లోడ్ పెరుగుతుంది మరి. అందుకే 16 జీబీ నుంచి 32 జీబీకి వెళ్లాలంటే, పాత కిట్ అమ్మేసి రెండు 16 జీబీ స్టిక్స్ ఉన్న కిట్ కొనడం బెటర్.

సెట్టింగ్ మార్చాక స్క్రీన్ రాకపోతే భయపడకండి. పవర్ కేబుల్ తీసేసి, బోర్డు మీద గుండ్రని బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెడితే బయోస్ రీసెట్ అవుతుంది. డీడీఆర్5 పీసీల్లో మాత్రం మొదటి బూట్‌కి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో ఆపేయకండి.

3200 నుంచి 2933కి దిగితే పోయేది 8 శాతం స్పీడ్. గేమ్‌లో నాకైతే తేడా తెలియలేదు. కానీ ఫొటోలు పోయుంటే అక్కకి ఏం చెప్పేవాణ్ని? స్పీడ్ మార్చిన ప్రతిసారీ ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత ఆ రాత్రి మెమ్‌టెస్ట్ నడపండి.