నల్లబడిన బంతి

ఆటగాళ్ల జ్ఞాపకాలంటే పతకాలూ, పూలదండలూ ఉంటాయనుకుంటారు కాబోలు! మా గోదావరిఖని పాత హాకీ ఆటగాళ్లు నలుగురు చేరితే బొగ్గు మసీ, మోకాళ్ల నొప్పులే ఎక్కువ దొర్లుతాయి.

మాకు జీతం ఆటకు కాదు, బాయి పనికి. నేను బదిలీ ఫిల్లర్‌ని. తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపిన చేతులతోనే సాయంత్రం హాకీ స్టిక్కు పట్టేవాణ్ణి. తెల్లరంగు బంతితో ఆట మొదలెడితే, 35 నిమిషాల మొదటి భాగం ముగిసేసరికి అది నల్లబడేది. మసక చీకట్లో చప్పుడును బట్టి ఎటు వస్తోందో పోల్చుకునేవాళ్లం.

1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలి బయటికొచ్చింది. గోలేనన్నాడు అంపైరు, కాదన్నారు పాకిస్తాన్ వాళ్లు. హోటలు రేడియో చుట్టూ మూగి, బంతిని కళ్లతో చూడని మేమందరం అంపైరు పక్షమే లెండి! మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ పచ్చిక పరిచారు, మనకు 7వ స్థానం దక్కింది. మాకు మాత్రం ఆ మట్టే.

ఆ తరువాతి వేసవిలో జరిగింది చెబుతాను. మా రైట్ బ్యాక్, పేరెందుకు, రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు. పగలంతా ఇంట్లో చుట్టాలు, నిద్ర లేదు.

"కండ్లు మండుతున్నయే అన్నా, ఇయ్యాల నన్నిడిచిపెట్టు" అన్నాడు.

నేను కెప్టెన్ని. "నువ్వు లేకుంటే ఎట్లరా? ఆడి పండుకో" అన్నాను.

ఆట ముగియవచ్చింది. గోలు ముందు ఎవడో బలంగా కొట్టిన బంతి వాడి మోకాలి చిప్పకు తగిలింది. మేము గెలిచాం. వాడు మళ్లీ ఆడలేదు.

ఇంక్లైన్ ఏటవాలు దిగుతుంటే వాడు నా ముందు కుంటుతూ నడిచేవాడు. వాడి టోపీ దీపపు వెలుతురు అడుగడుగుకూ ఒక పక్కకు ఒరిగేది. 20 యేళ్లు ఆ వెలుతురు వెనకాలే నడిచాను. నా తప్పేనని ఒక్కనాడూ నోరు విప్పలేకపోయాను.

2021 ఆగస్టు 5న టోక్యో ఆట చూడటానికి మా యింటికి వచ్చాడు. జర్మనీ మీద 5-4. ఇక క్షణాలే ఉన్నాయనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్! శ్రీజేష్ అడ్డుకున్నాడు. 41 యేళ్లకు ఒలింపిక్ పతకం. వాడు చేతికర్ర మరచి లేచి నిలబడ్డాడు. అప్పుడు అనేశాను.

"ఆనాడు నిన్ను ఆడించకుండా ఉండాల్సింది. నిద్రమత్తులో బంతి కనబడలేదు నీకు."

"కనబడ్డదే అన్నా" అన్నాడు. "జరిగితే గోలైతుండె."

వాడు వెళ్లాక, "మీ మనసు కుదుటపడాలని అన్నాడేమో" అంది మా ఆవిడ. ఏమో, నేను రెట్టించి అడగలేదు. ఆ సందడిలో వాడి టీ గ్లాసు నిండుగా అలాగే ఉండిపోయింది.