దూరం బావి నీళ్లే తీపి!

ఇంటికి దగ్గర్లోనే కొత్త బావి ఉంది. అయినా ఆ అమ్మాయి కావిడి భుజానేసుకుని దూరంగా ఉన్న పాత బావికే వెళ్తుంది. ఎందుకంటే... అక్కణ్నుంచి బడి కనిపిస్తుంది. బడిలో కొత్త మాస్టారు!

చైనా దర్శకుడు ఝాంగ్ యిమౌ 1999లో తీసిన ‘ద రోడ్ హోమ్’ కథ ఇది. 1950ల చివర్లో ఉత్తర చైనాలోని ఓ పల్లె. ఝావో దీకి పద్దెనిమిదేళ్లు, చదువు రాదు. పట్నం నుంచి వచ్చిన మాస్టారికి ఇరవై. ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకునేది చాలా తక్కువ. ముద్దుల్లేవు, డ్యూయెట్లూ లేవు. మరి ప్రేమ సంగతి ఎలా తెలుస్తుందంటారా? వంటలో!

బడి కడుతున్న మగవాళ్లకు ఇంటింటి నుంచీ భోజనం వెళ్తుంది. తన గిన్నె మాస్టారి చేతికే అందాలని దీ ఆరాటం. అతను దేన్ని తీసుకున్నాడో మాత్రం దూరం నుంచి కనిపించి చావదు. తీరా అతను ఇంటికి భోజనానికి వచ్చే రోజులొచ్చాక, పట్నం నుంచి పిలుపు. 1957లో మొదలైన ‘మితవాదుల’ ఏరివేత కాలమది. సినిమా ఆ మాట గట్టిగా అనదు, పిల్లకు అర్థమైనంతే మనకూ చెబుతుంది. అతని కోసం చేసిన కుడుములు గిన్నెలో పెట్టుకుని, గుర్రబ్బండి వెనక కొండల్లో పరుగెడుతుంది దీ. పడిపోతుంది. గిన్నె ముక్కలవుతుంది.

చూపులేని తల్లి ఆ ముక్కల్ని పారేయదు. మన ఊళ్లకు మాట్లు వేసేవాళ్లు వచ్చినట్టే అక్కడా ఒకాయన వస్తాడు. పింగాణీకి బెజ్జాలు పెట్టి, లోహపు కొక్కేలతో ముక్కల్ని బిగిస్తాడు. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టమిదే. పరుగులూ, వాటి వెనక సంగీతమూ మాత్రం కాస్త ఎక్కువయ్యాయి.

దీ మంచం పట్టిందని తెలిసి అతను అనుమతి లేకుండా వచ్చి చూసి వెళ్తాడు. దానికి శిక్ష, మరో రెండేళ్ల ఎడబాటు.

సాధారణంగా గతం నలుపు తెలుపుల్లో ఉంటుంది కదా. ఇక్కడ గతానికే రంగులు. నలభై ఏళ్ల తర్వాతి కథంతా మంచూ, బూడిద రంగే. (ఆ ఇంటి గోడ మీద ‘టైటానిక్’ పోస్టరు చూడటం మర్చిపోకండి!) మాస్టారు పోయారు. శవపేటికను వాహనంలో కాదు, పాత ఆచారం ప్రకారం మనుషులే మోసుకురావాలని ముసలి దీ పట్టు. ఊళ్లో కుర్రాళ్లే లేరు. కొడుకు కూలీ డబ్బులిచ్చాడు. తీరా చూస్తే ఎక్కడెక్కడి నుంచో పాత విద్యార్థులు మంచులో నడిచొచ్చి భుజం పట్టారు. పైసా ముట్టలేదు.

2000లో బెర్లిన్‌లో వెండి ఎలుగుబంటి అందుకున్న ఈ సినిమాతోనే ఝాంగ్ జియీ ప్రపంచానికి పరిచయమైంది.

ఊరు వదిలేముందు కొడుకు ఆ పాత బడిలో ఒక్క పాఠం చెబుతాడు. ఆ గొంతు విని తల్లి గబగబా అటు నడిచొస్తుంది.