జాబితా కూడా ప్రోగ్రామే

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ ఒకే ఫైలులో ఉండదు. వందల, వేల సోర్స్ ఫైళ్లను కంపైలర్ ఒక్కొక్కటిగా యంత్రభాషలోకి మార్చాక అన్నిటినీ ఒకటిగా కలపాలి. ఏ ఫైళ్లను మార్చాలో చెప్పేది సోర్స్ జాబితా. ఎలా మార్చాలో, వేగానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో, ఏ తప్పులకు హెచ్చరించాలో చెప్పేవి ఫ్లాగులు. ఈ పనిని కంప్యూటర్‌కే అప్పగించిన ‘మేక్’ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. ఆయన సహోద్యోగి ఒకరు తప్పును దిద్దాక ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరచి, లేని తప్పు కోసం పూటంతా వెతికారు. అదే మేక్‌కు ప్రేరణ. కోడ్ సరిగా ఉన్నా, దాన్ని కట్టే తీరు (బిల్డ్) తప్పితే ఫలితమూ తప్పుతుంది. అందుకే జాబితానూ ఫ్లాగులనూ ప్రోగ్రామ్‌లో భాగంగానే ఎంచి, కోడ్ రాసినంత శ్రద్ధగా రాయాలి.

‘ఈ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ తీసుకో’ అని ఒక్క నక్షత్రపు గుర్తుతో చెబితే పోదా అని అడిగేవారున్నారు. సీమేక్ లాంటి బిల్డ్ సాధనం ఆ జాబితాను మొదట ఒకసారి తయారు చేసుకుని ఊరుకుంటుంది. తోటివారు కొత్త ఫైలు చేర్చినా, బిల్డ్ ఫైలు మారలేదు కనుక దానికి ఆ సంగతి తెలియదు. జాబితా తయారయ్యేనాటికే ఎవరో ప్రయోగానికి రాసి అక్కడ వదిలేసిన ఫైలు మాత్రం చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తుంది. ఈ పద్ధతిని తాము సిఫారసు చేయబోమని సీమేక్ పత్రాలే చెబుతాయి. ప్రతి బిల్డ్‌కూ ఫోల్డర్‌ను మళ్లీ చూసే సదుపాయం 2018లో 3.12 వెర్షన్‌తో వచ్చింది కానీ, అది అన్నిచోట్లా నమ్మకంగా పనిచేయకపోవచ్చనే హెచ్చరికా దాని పక్కనే ఉంది. లైనక్స్ కెర్నెల్‌లో నేటికీ ఫైళ్లను పేరుపేరునా రాస్తారు. ఇది శ్రమే, కానీ ఫైలుకు ఒక్క వరుస శ్రమ. ఆ వరుస మార్పుల చరిత్రలోకి ఎక్కుతుంది, సమీక్షించేవారి కంట పడుతుంది.

ఫ్లాగుల దగ్గర ఏమరుపాటుకు మూల్యం ఇంకా ఎక్కువ. 2009లో లైనక్స్ కెర్నెల్‌లోని ‘టన్’ డ్రైవర్‌లో ఒక పాయింటర్‌ను ముందు వాడేసి, అది శూన్యమా కాదా అని తర్వాత పరీక్షించే కోడ్ బయటపడింది. ముందే వాడారంటే అది శూన్యం కానట్టేనని తర్కించి కంపైలర్ ఆ పరీక్షను తీసేసింది. దాంతో దాడి చేసేవారికి దారి దొరికింది. ఆపైన అలాంటి పరీక్షలను తొలగించవద్దని చెప్పే ఫ్లాగును కెర్నెల్ బిల్డ్‌లో చేర్చారు. ‘ఫాస్ట్ మ్యాథ్’ ఫ్లాగుది మరో కథ. ఒక లైబ్రరీ తన వేగం కోసం దాన్ని పెట్టుకుంటే, ఆ లైబ్రరీని వాడుకున్న ప్రోగ్రామ్ మొత్తంలో అతి సూక్ష్మమైన సంఖ్యలు సున్నాలైపోయేవి. షేర్డ్ లైబ్రరీల విషయంలో జీసీసీ ఈ తీరును 2023లో, 13వ వెర్షన్‌లో మాన్పించింది. కాబట్టి ఏ ఫ్లాగునైనా అవసరమైన భాగానికే పరిమితం చేయాలి.

మళ్లీ జాబితా సంగతికి వస్తే, గో భాషలో ఫోల్డర్‌లోని ఫైళ్లు వాటంతటవే చేరిపోవడం లేదా అన్నది న్యాయమైన ప్రశ్న. అక్కడ ఒక ఫోల్డర్ అంటే ఒక ప్యాకేజీ అన్న నియమం అందరికీ తెలిసిందే. మినహాయింపులు కూడా ఫైలు పేరులోనో ఫైలు మొదట్లోనో కనిపిస్తాయి. సీ, సీ++ భాషలకు అటువంటి నియమం లేదు, కనుక ఏ ఫైళ్లు చేరాలో రాసిపెట్టే బాధ్యత మనదే. ఫ్లాగుల విషయంలోనూ అంతే. ఒక ఫ్లాగు ఎందుకుందో పక్కన ఒక్క వాక్యం లేకపోతే, పదేళ్ల తర్వాత ఆ కోడ్ చేతికందినవారు కాస్త వేగం కోసం దాన్ని చెరిపేయవచ్చు. 2009లో మూసిన తలుపును తాము తెరిచామని వారికి తెలియను కూడా తెలియదు.