నమూనా వాహనాల మెత్తని ట్రాకులు

యుద్ధ ట్యాంకులు, పొక్లెయిన్లు వంటి వాహనాల చక్రాల చుట్టూ తిరిగే గొలుసు వంటి పట్టాను ట్రాకు అంటారు. ప్లాస్టిక్ విడిభాగాల కిట్టుతో ఇటువంటి వాహనాల చిన్న నమూనాలను తయారుచేసేవారికి ట్రాకు అమర్చడం ఎంతో ఓర్పుతో కూడిన పని. లంకెలను విడివిడిగా అతికించే గట్టి ట్రాకులు కొన్ని కిట్లలో వస్తాయి. రబ్బరు పట్టీలా వంగే మెత్తని ట్రాకులు మరికొన్నిటిలో వస్తాయి. ఈ వ్యాసం రెండవ రకాన్ని గురించినది.

నేపథ్యం

జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టామియా సంస్థ 1960ల తొలి సంవత్సరాలలో జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనాను విడుదల చేసింది. అందులో విద్యుత్ మోటారు, బ్యాటరీలు ఇమడవలసి ఉండటం వల్లనే 1:35 అనే కొంత విచిత్రమైన నిష్పత్తి ఏర్పడింది. తరువాత ట్యాంకు నమూనాలకు అదే ప్రమాణమైంది. మోటారుతో నడిచే నమూనాకు వంగే ట్రాకు తప్పనిసరి. నమూనాలు అద్దాల బీరువాలో నిలిపి చూసుకొనే వస్తువులుగా మారిన తరువాత కూడా అదే ట్రాకు చాలా కిట్లలో కొనసాగింది.

చిక్కు ఇక్కడే ఉంది. అసలు ట్రాకు ఉక్కు లంకెలది కనుక తన బరువుకు తానే కిందికి వాలుతుంది. టి-34, టైగర్ ట్యాంకులలో ట్రాకు పైభాగాన్ని మోసే రోలర్లు లేవు, అందువలన అది నేరుగా పెద్ద చక్రాలపై ఆనుతుంది. నమూనా ట్రాకుకు ఆ బరువు ఉండదు, పైగా పెట్టెలో పడిన మడతలను అది అంత సులభంగా వదలదు. అయితే అమెరికాకు చెందిన షెర్మన్ వంటి ట్యాంకులలో ట్రాకు చాలావరకు బిగువుగానే ఉంటుంది. కనుక ముందుగా అసలు వాహనపు ఛాయాచిత్రాన్ని చూడటం మేలు.

మెత్తబరచి అమర్చడం

ఈ ట్రాకులలో అధికభాగం పి.వి.సి.తో చేసినవి. నీటి గొట్టాలలో గట్టిగా ఉండే ఇదే పదార్థానికి ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలిపితే మెత్తబడుతుంది. ట్రాకును ముందు సబ్బునీటితో కడిగి, అచ్చు నుండి అంటిన జిడ్డును తొలగిస్తారు. చేయి పెట్టలేనంత వేడిగా ఉండి, మరగని నీటిలో దానిని ఒకటి రెండు నిమిషాలు ఉంచి, మడతలు సరిచేసి, వెంటనే చన్నీటిలో ముంచితే ఆ ఆకృతి నిలుస్తుంది. మంటపై వేడి చేయరాదు.

ఒక కొసకు ఉన్న చిన్న మేకులను రెండవ కొసలోని రంధ్రాలలో దూర్చి, కాల్చిన స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే అవి రివెట్లవలె చదునై పట్టుకుంటాయి. పి.వి.సి. పొగ హానికరం కనుక ఈ పనిని గాలి ఆడే చోట చేయాలి. అతుకును మడ్‌గార్డు కింద దాగేలా తిప్పుకోవాలి. తరువాత చక్రాల పైఅంచుకు ఫెవిక్విక్ వంటి జిగురు రాసి, ట్రాకుకూ మడ్‌గార్డుకూ మధ్య స్పాంజి ముక్కలు దూర్చి ఆరనిస్తే అసలు ట్రాకు వాలు వస్తుంది. ట్రాకు మరీ బిగుతైతే కొంతకాలానికి చివరి చక్రాల ఇరుసులు వంగుతాయి లేదా విరుగుతాయి.

కాలక్రమంలో హాని

నమూనా పూర్తయిన ఎన్నో ఏళ్ళకు బయటపడే లోపం మరొకటి ఉంది. పి.వి.సి.లోని ప్లాస్టిసైజర్ మెల్లగా వెలుపలికి వచ్చి, తనను తాకే పాలిస్టిరీన్ చక్రాలను కరిగిస్తుంది. ట్రాకు చక్రంలోకి దిగబడిపోతుంది. ఇలా పాడైన చక్రం మళ్ళీ బాగుపడదు. ఎనామెల్ రంగు ఈ ట్రాకులపై తరచుగా ఆరక జిగటగా ఉండిపోవడానికి కారణం కూడా ఇదే, అందుకే వీటికి అక్రిలిక్ రంగు నయం. చక్రాలకు అన్నివైపులా రంగు వేయడం వల్ల హాని ఆలస్యమవుతుందే గాని పూర్తిగా ఆగదు. ప్లాస్టిసైజర్ కోల్పోయిన ట్రాకు పెళుసెక్కి పగులుతుంది.

తరువాతి కాలపు కిట్లలో కొన్నిటికి సాధారణ పాలిస్టిరీన్ జిగురుతోనే అతికే వేరు పదార్థపు ట్రాకులు వచ్చాయి. పాత కిట్లు కొన్నవారు మాత్రం పెట్టె తెరవగానే ట్రాకులను ఇతర భాగాలకు తగలకుండా విడిగా పాలిథిన్ సంచిలో భద్రపరచాలి.