ఫీజుల నెలలో ఒక ప్రశ్న

జూన్ మొదటి వారంలో, అస్ర్ నమాజు ముగిసిన పిదప, బహదూర్‌పల్లిలో మా వద్ద ఖుర్ఆన్ నేర్చుకునే ఇద్దరు పిల్లల తండ్రి వచ్చి కూర్చున్నారు. "మౌలానా, పిల్లల స్కూలు ఫీజుకు బంగారం కుదువపెట్టి వడ్డీకి తేవచ్చా? ఇది మజ్బూరీ కాదా?" అని అడిగారు. వడ్డీ హరామ్ అని చెప్పి, బఖరా సూరాలోని 275వ ఆయత్‌ను గుర్తుచేశాము. ఆయన తలవంచుకుని వెళ్లిపోయారు. వారం తిరక్కుండానే ఇంటి ఇల్లాలి గాజులు ఫైనాన్సు దుకాణానికి చేరాయి.

మసలా చెప్పాము, దారి మాత్రం చూపలేదు. ఆ వెలితి మమ్మల్ని బాధించింది.

ఇలాంటి కుటుంబాలు జకాత్ అడగలేవు, అడగవు. నెల జీతం ఉంది, ఇస్త్రీ చొక్కా ఉంది. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో చదువు ఉచితమే, కానీ పసిపిల్లలను వసతిగృహానికి పంపడానికి తల్లి మనసు ఒప్పదు. సర్కారు బడి లేదా అని కొందరు పెద్దలు అంటారు. వారి మనవలు ఏ బడిలో ఉన్నారో మేము అడగము.

ఫీజుల నియంత్రణకై 2017లో తిరుపతిరావు కమిటీ నియమితమైంది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, జి.ఓ. 46 ద్వారా ఫీజు పెంచరాదనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలనీ ప్రభుత్వం ఆదేశించింది. నెలజీతగాడికి అసలు కష్టం ఇక్కడే: ఆదాయం పన్నెండు వాయిదాల్లో వస్తుంది, ఫీజు మాత్రం జూన్‌లో ఒక్కసారిగా మీద పడుతుంది.

ఈ ఎడాన్ని పూడ్చేది ఖర్జె హసనా. బఖరా 282వ ఆయత్ అప్పును వ్రాసుకోమంటుంది. 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్నవానికి గడువిమ్మంటుంది. అప్పులో మునిగినవారు (గారిమీన్) జకాత్ హక్కుదారులని తౌబా 60వ ఆయత్ చెబుతున్నది. ఎవరికి వర్తిస్తుందో ముఫ్తీలనే అడగాలి. మన జకాత్ రమజాన్‌లోనే పంచబడి, జూన్ నాటికి పెట్టె ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు మేము అయిదుగురం కలిసి కొద్ది మొత్తం వేరుగా ఉంచాము. పది నెలల్లో తిరిగి చెల్లించాలి, ఇద్దరు సాక్షులు, పత్రం తప్పనిసరి. తీసుకున్నవారి పేరు మస్జిద్‌లో ప్రకటించము. మొదటి పత్రం ఆ తండ్రి పేరనే వ్రాశాము. సగం అప్పు తీరింది. గాజులు ఇంకా విడిపించవలసి ఉంది.